జీవశాస్త్రము చదివినవాడు నేర్చినదేమి? దానిని కొలుచుటెట్లు?

ఈనాడు నేను ముచ్చటింపబూనిన విషయము చదువుల కొలత. అందును ముఖ్యముగా మన విశాఖపట్టణపు కళాశాలలలో మూడేండ్లో నాలుగేండ్లో జీవశాస్త్రము చదివి బి.ఎస్సి. పట్టము పుచ్చుకొను బాలబాలికలు నిజముగా నేర్చుకొన్నదెంత, దానిని తెలిసికొను మార్గమేది యనునది. నేను ఈ పట్టణమున చాలకాలముగా జంతుశాస్త్రము బోధించుచున్నవాడను. ప్రతి సంవత్సరమును మార్కులు వేయుచున్నవాడను గూడ. కావున ఈ విషయమును దూరమునుండి గాక దగ్గరనుండియే చూచి చెప్పుచున్నాను.

ఇది పండితుల సభలో చర్చింపదగినదే కాని పల్లెలలోని మాకేల యని మీరు సందేహింపవచ్చును. ఏలయో చెప్పెదను. మన్యమునందు జ్వరము వచ్చినవాని వ్రేలినుండి తీసిన రక్తపుబొట్టును సూక్ష్మదర్శినిక్రింద చూచి, ఇది మలేరియా యగునా, కాదా యని చెప్పు యువకుడు పలుచోట్ల ఇట్టి చదువు చదివినవాడే. భీమునిపట్టణపు తీరమున రొయ్యపిల్లల హేచరీలయందు తెల్లమచ్చల తెగులున్నదో లేదో పరీక్షించు యువతియు ఇట్టి చదువు చదివినదే. పరవాడలోని మందుల కర్మాగారములలో మందు శుద్ధముగా నున్నదని సంతకము చేయువారిలో కొందరు ఇట్టివారే. వారి పట్టము వెనుక విద్య లేకున్నచో నష్టము వారికి మాత్రమే కాదు. జ్వరపడిన పిల్లవానికిని, చెరువు త్రవ్వించి అప్పుచేసిన రైతునకును గూడ. ఆ కారణముచేత ఈ కొలత మీ సొత్తు.

మొదట ఒక పోలిక చెప్పెదను. పాలవాడు తెచ్చిన పాలను శేరుతో కొలిచినచో ఎన్ని పాలున్నవో తెలియును. అందు నీరెంత కలిసినదో శేరు చెప్పలేదు. దానికి లాక్టోమీటరు వేరుగా ఉన్నది. వెన్నయెంత గలదో తెలియవలెనన్న మరియొక పరీక్ష కావలెను. కొలతపాత్ర మంచిదే యైనను, దేనిని కొలువదలచితిమో దానికి తగినది కాకున్న ప్రయోజనము లేదు. మన పరీక్షలలో వచ్చు మార్కులును శేరువంటివే. విద్యార్థి ఎన్ని పుటలు జ్ఞాపకముంచుకొని వ్రాసెనో అవి చక్కగా చెప్పగలవు. వాని బుద్ధిలో విషయమెంత చిక్కబడినదో చెప్పుటకు మరియొక సాధనము కావలెను.

ఈ శేరు మనకు ఎట్లు వచ్చినదో కొంచెము చెప్పవలసియున్నది. 1857వ సంవత్సరమున మద్రాసు విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు దానికి లండను విశ్వవిద్యాలయము మేలుబంతిగా నుండెను. బోధించుట కళాశాలల పని; పరీక్షించి పట్టమిచ్చుట విశ్వవిద్యాలయపు పని. మన పట్టణమున బాలుడు సి.వి. రామన్ చదివిన ఎ.వి.ఎన్. కళాశాలయు ఆ యేర్పాటులోనిదే. బోధించినవాడొకడు, కొలిచినవాడు వేరొకడు. దీనివలన పక్షపాతము తగ్గినమాట నిజమే. కాని పాఠము చెప్పువాడు తన పాఠము ఫలించినదో లేదో తెలిసికొనక, పరీక్షలో వచ్చు ప్రశ్నలేవియో ఊహించుటయే తన పనిగా పెట్టుకొను దురాచారమును దీనితోనే పాతుకొన్నది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము స్థాపితమై, పిమ్మట వాల్తేరు కొండపై నెలకొన్నది. 1931 మొదలు 1936 వరకు దానికి ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితులే, స్వాతంత్ర్యము వచ్చినవెంటనే 1948–49లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు అధ్యక్షులైరి. విశ్వవిద్యాలయములయందు చేయదగిన సంస్కరణ ఒక్కటే చెప్పుడన్నచో, అది పరీక్షల సంస్కరణయే యని ఆ సంఘము తేల్చిచెప్పెను. ఆ మాట చెప్పి డెబ్బదియైదేండ్లు గడచినవి. మనము ఇంకను ఆ మాటచుట్టునే తిరుగుచున్నాము.

మార్కులనిన రాతిమీది గీతలని భ్రమపడువారికి ఒక వృత్తాంతము చెప్పెదను. ఇంగ్లండులో హార్టాగ్, రోడ్సు అను నిరువురు 1935లో పరీక్షలనే పరీక్షించిన ఒక గ్రంథమును ప్రకటించిరి. 15 చరిత్రవ్యాసపత్రములను 14 మంది పరీక్షకులచేత దిద్దించి, ఒక యేడు దాటిన పిదప ఆ పత్రములనే ఆ పరీక్షకులచేతనే మరల దిద్దించిరి. ఉత్తీర్ణుడా, కాడా, విశేషముగా ఉత్తీర్ణుడా యను 210 తీర్పులలో 92 తీర్పులు మారిపోయినవి. పత్రము మారలేదు, పరీక్షకుడు మారలేదు, తీర్పు మాత్రము మారినది. ఒకే ధాన్యమును ఒకే కుంచముతో రెండుమారులు కొలువగా రెండులెక్కలు వచ్చినచో మీరు ఆ కుంచమును నమ్ముదురా?

ఇక ఈ కాలమున విద్యావేత్తలు సూచించు మార్గమేదో చూతము. దానికి అభ్యసనఫలములని పేరుపెట్టిరి. ఏ యే పాఠములు చెప్పవలెననుటతో తృప్తిపడక, చదువు ముగియునప్పటికి విద్యార్థి యేమి చేయగలవాడై యుండవలెనో ముందుగనే వ్రాసిపెట్టుకొని, తరువాత ఆ పని చేయగలుగుచున్నాడో లేదో చూచుట ఈ పద్ధతి. విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2019 ప్రాంతమున వృక్షశాస్త్రమునకును జంతుశాస్త్రమునకును ఇట్టి ఫలముల నాధారముగా గొన్న పాఠ్యప్రణాళికలను ప్రకటించిరి. 2020 నాటి జాతీయ విద్యావిధానమును ఈ మార్గమునే చూపినది.

ఇచట మాటపట్టింపు కొంత అవసరము. “విద్యార్థికి మలేరియానుగూర్చి తెలియును” అని వ్రాసినచో అది ఫలము కాదు. తెలియుట కంటికి కనబడదు గనుక కొలతకు లొంగదు. “రక్తపుపూతను రంగువేసి, సూక్ష్మదర్శినిలో చూచి, మలేరియా క్రిమిని గుర్తుపట్టి, అది వైవాక్సు జాతిదో ప్రాణాపాయకరమగు ఫాల్సిపేరం జాతిదో చెప్పగలడు” అని వ్రాసినచో అది ఫలము. పది పూతలు ముందుంచినచో అరగంటలో నిజము తేలిపోవును. ఫలమును వ్రాయునప్పుడు క్రియాపదము కంటికి కనబడు పనిని చెప్పవలెనని దీని సారాంశము.

అట్టి పనులన్నియు ఒకే యెత్తున నుండవు. అమెరికాలో బెంజమిను బ్లూము అను విద్యాశాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి 1956లో వీనిని ఆరు మెట్లుగా విభజించెను. 2001లో ఆతని శిష్యపరంపర వారు వానిని సరిదిద్దిరి. జ్ఞాపకముంచుకొనుట, అర్థముచేసికొనుట, ప్రయోగించుట, విడదీసి చూచుట, మంచిచెడ్డల నిర్ణయించుట, క్రొత్తది కల్పించుట యని ఆ మెట్లకు పేర్లు. ఈ ఆరింటిని మనకు తెలిసిన మలేరియాతోనే చూపెదను.

దోమ కడుపులో మలేరియా క్రిమి పెరుగుచున్నదని కనుగొన్నదెవరు, ఎక్కడ, ఎప్పుడు అని యడిగినచో, రోనాల్డు రాసు, సికింద్రాబాదున, 1897 ఆగస్టు 20వ తేదీన అని చెప్పుట మొదటి మెట్టు. ఇది జ్ఞాపకశక్తి మాత్రమే. జ్వరపడినవానిని కుట్టిన దోమ ఆ నిమిషముననే మరియొకనికి జ్వరము నంటింపలేదు, కొన్ని దినములు గడువవలెను, ఏలయో చెప్పుమన్నచో అది రెండవ మెట్టు. “మీ యూరిలో చెరువు, దిగుడుబావి, మురుగుకాలువ ఉన్నవి, మలేరియా దోమపిల్లల నెచట వెదకుదువు? నీటిలో నవి యెట్లుండును?” అన్నచో మూడవ మెట్టు. అనోఫిలిస్ పిల్లలు నీటిపైభాగమున చాపపరచినట్లు అడ్డముగా నుండును, క్యూలెక్సు పిల్లలు తలక్రిందుగా వ్రేలాడును అను సంగతి నేర్చినవాడు దానినిచట పనికి తెచ్చుకొనవలెను.

రెండు గూడెముల జ్వరపులెక్కల నిచ్చి, ఒకదానియందు ఎక్కువగుటకు హేతువేదియై యుండునో విడదీసి చెప్పుమనుట నాలుగవ మెట్టు. “ఊర పొగ వేయించినపిమ్మట జ్వరములు తగ్గినవి, కావున పొగయే తగ్గించినది” అని యొకడు వాదించినచో దానిని నమ్మవచ్చునా యని యడుగుట ఐదవది. వానలు వెనుకపట్టినపిమ్మట పొగ వేయించి యుండవచ్చును, దోమలు తమంతటనే తగ్గి యుండవచ్చును, పొగ వేయని ప్రక్కయూరి లెక్క యేదియని ఎదురుప్రశ్న వేయగలవాడు ఆ మెట్టు ఎక్కినవాడు. ఆ సందేహము తీర్చుటకు తానే ఒక పరిశీలనను రచించి, ఎన్ని యిండ్లు, ఎన్ని వారములు, ఎట్టి పోలిక యని నిర్ణయించుట ఆరవది. ఇపుడు మన పరీక్షాపత్రములను తీసి చూడుడు. ప్రశ్నలలో నధికభాగము మొదటి రెండు మెట్లమీదనే కూర్చుండియుండును. మూడేండ్లు మెట్లెక్కించి, కొలుచునప్పుడు మాత్రము క్రిందిమెట్టుననే కొలుచుట న్యాయమా?

జీవశాస్త్రమునకు ప్రత్యేకముగ మరియొక చిక్కు కలదు. పేర్లు వేలకొలది యుండుటచేత పేర్లే శాస్త్రమని భ్రమ కలుగును. దీనిని తొలగించుటకై 2011లో అమెరికా శాస్త్రజ్ఞుల సంఘమొకటి ప్రకటించిన నివేదికలో జీవశాస్త్రపు మూలభావములను ఐదుగా చెప్పిరి. జీవజాతులు కాలక్రమమున మారుట. నిర్మాణమునకును పనికిని గల సంబంధము. వంశపారంపర్యముగ సమాచారము ప్రవహించుట. శక్తియు ద్రవ్యమును ఒకదానినుండి యొకదానికి మారుట. అన్నియు కలిసి ఒక వ్యవస్థగా నడచుట. వేయి పేర్లు మరచినను ఈ ఐదు నిలిచినచో చదువు నిలిచినట్లే. వేయి పేర్లు నిలిచి ఇవి జారినచో పుస్తకము హస్తభూషణమైనట్లే.

ఇవి నిలిచినవో లేవో తెలిసికొనుటకు కొన్ని చిన్నప్రశ్నలు పెద్దపనిచేయును. “పెద్ద చింతచెట్టు కొట్టి తూచితిమి. ఆ బరువంతయు నెచటినుండి వచ్చినది?” అని యడుగుడు. నేలనుండి యని పలువురు చెప్పుదురు. బెల్జియము దేశపు వాన్ హెల్మాంటు ఒక కుండలో 200 పౌనుల ఎండుమట్టి పోసి 5 పౌనుల విల్లోమొక్క నాటి, ఐదేండ్లు నీరుమాత్రము పోసెను. చెట్టు 169 పౌనులకు పెరిగినది. మట్టి తగ్గినది రెండు ఔన్సులు మాత్రమే. ఆతని మరణానంతరము 1648లో ఇది అచ్చుపడినది. నీరే చెట్టైనదని ఆతడు తలచెను. నిజమునకు కట్టెలో నధికభాగము గాలిలోని బొగ్గుపులుసుగాలినుండి ఆకు సూర్యకాంతిచేత తయారుచేసికొన్నది, నీటితో కలిసినది. 1997లో అమెరికాలో తీసిన ఒక విద్యాచిత్రమున ఇట్టి ప్రశ్ననే హార్వర్డు, ఎం.ఐ.టి. పట్టభద్రుల నడుగగా గాలియనుమాట తోచనివారు అందు కనబడుదురు. కిరణజన్యసంయోగక్రియ సమీకరణమును తప్పులేక వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవారికి గూడ కట్టెముక్క చేతికిచ్చినప్పుడు ఆ సమీకరణము జ్ఞప్తికి రాకుండుట వింత. రెండును ఒకటేయని వారి కెవరును అడిగి చూడలేదు.

రెండవ ప్రశ్న రైతులకు బాగుగ తెలిసినది. 2002లో బి.టి. పత్తికి మనదేశమున అనుమతి లభించినది. కొన్ని యేండ్లకు గులాబిరంగు పురుగు దానికి లొంగక పోయినది. ఏల? “పురుగు ఆ విషమునకు అలవాటు పడినది” అని చెప్పు విద్యార్థికి పరిణామసూత్రము అర్థము కాలేదని తెలియవలెను. ఏ యొక్క పురుగును అలవాటు పడలేదు. లక్షల పురుగులలో పుట్టుకతోనే తట్టుకొనగల కొన్ని బ్రతికి, మిగిలినవి చచ్చి, బ్రతికినవానిసంతతియే పొలము నిండినది. 450 గ్రాముల బి.టి. విత్తనముతోపాటు 120 గ్రాముల మామూలు విత్తనముగల చిన్నపొట్లము నిచ్చి చేనిచుట్టును నాటుమని చెప్పుట మీకు జ్ఞాపకముండును. అది దండుగయని పారవేసినవారు పెక్కుమంది. మామూలు పురుగులు ఆ వరుసలలో బ్రతికి, తట్టుకొను పురుగులతో జతగూడి, వాని బలమును పలుచన చేయుటకే ఆ పొట్లము. ఈ సంగతిని రైతునకు నచ్చజెప్పగల పట్టభద్రు డొక్కడు ప్రతి యూర నుండినచో ఆ పొట్లము చెత్తకుప్పకు పోయియుండెడిది కాదు. చదువు యొక్క కొలతకు ఇంతకంటె గట్టి నిదర్శనము నాకు తోచదు.

ఇట్టి ప్రశ్నలను పోగుచేసి 2002లో ప్రకృతివరణముపై 20 ప్రశ్నల పరీక్షయొకటి అమెరికాలో తయారైనది. దానియందలి విశేషమేమనగా, తప్పు సమాధానములు ఊరక కల్పించినవి కావు. విద్యార్థులు నిజముగా పొరపడు భావములే అచట సమాధానములుగా నుండును. కావున తప్పు గుర్తించినవాడు ఎట్లు తప్పుగ తలచుచున్నాడో గురువునకు తెలిసిపోవును. మార్కు తగ్గించుట దీని ప్రధానోద్దేశము కాదు. రోగము నాడి పట్టుట.

కాని వ్రాతపరీక్ష యెంత మంచిదైనను చేతిపనిని కొలువలేదు. ఈత వచ్చునో లేదో చెరువులో తెలియవలెను గాని కాగితముమీద గాదు. మన పట్టణమునకు ఇట్టి చెరువు ముంగిటనే యున్నది. 1933లో తెరువబడిన మన నౌకాశ్రయమున ఓడల యడుగునను, కట్టకొయ్యలకును బార్నకిలులు, ఆలిచిప్పలు, సున్నపుగొట్టముల పురుగులు అంటుకొని పెరుగును. ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రాచార్యులు పి.ఎన్. గణపతి గారును వారి శిష్యులును 1950 దశకముననే వీనిని శ్రద్ధతో పరిశోధించిరి. దానిని విద్యార్థులకు పరీక్షగా మార్చవచ్చును. అనుమతి పొంది, కొన్ని చెక్కపలకలను నీటిలో వ్రేలాడదీసి, నెలకొకమారు పైకి తీసి, ఏ యే ప్రాణులు ఎన్నెన్ని యంటుకొన్నవో లెక్కించి, కారణము చెప్పుమని యడుగవచ్చును.

దీనికి మార్కులు వేయుట యెట్లు? ఇష్టము వచ్చినట్లు గాక, ముందుగనే నాలుగు అంతరువుల పట్టిక వ్రాసి విద్యార్థుల చేతికిచ్చెదము. పేర్లు మాత్రము వ్రాసినవాడు మొదటి యంతరువు. ఒక పలకనే లెక్కించి పట్టిక వేసినవాడు రెండవది. పలు పలకలు పెట్టి, సగటు తీసి, పలకకు పలకకు గల తేడాను గూడ చూపినవాడు మూడవది. వర్షకాలమున మేఘాద్రిగెడ్డ నీరు కలిసి ఉప్పదనము తగ్గుటవలన సంఖ్యలు మారినవో, వేడిమివలన మారినవో తన లెక్కలు తేల్చలేవని ఒప్పుకొని, తేల్చుటకు తరువాత చేయదగిన పనిని చెప్పినవాడు నాలుగవది. ఇద్దరు గురువులు వేరువేరుగా దిద్ది, తరువాత సరిపోల్చుకొందురు. తేడా యెక్కువయైనచో పట్టికలోని మాట స్పష్టముగ లేదని గ్రహించి సరిదిద్దుదురు. హార్టాగు చూపిన జబ్బునకు మందు ఇదే.

ఉక్కునగరముచుట్టును నాటిన వృక్షములయందును ఇట్లే పని కల్పింపవచ్చును. 1992లో జాతికంకితమైన ఆ కర్మాగారపు మార్గములప్రక్కనున్న చెట్ల యాకులపై ధూళి యెంత యున్నది, దూరముపోయిన కొలది తగ్గుచున్నదా యని తూచిచూచుమనవచ్చును. ఒకే జాతి చెట్టు, ఒకే యెత్తు, ఒకే దినము అను నియమములను విద్యార్థి తానై పెట్టుకొన్నచో వానికి శాస్త్రపద్ధతి ఒంటబట్టినదనుకొనవచ్చును.

మరియొక న్యాయము చూడవలసి యున్నది. పట్టణపు పాఠశాలలో చదివి వచ్చినవానికి మొదటిదినముననే 80 మార్కుల జ్ఞానముండవచ్చును. మన్యమునుండి వచ్చిన బిడ్డకు 40 మాత్రమే యుండవచ్చును. ఏడు ముగియునప్పటికి మొదటివాడు 90కి, రెండవయామె 70కి వచ్చినారనుకొనుడు. ఎవరెక్కువ నేర్చిరి? మొదటివానికి ఇంక నేర్వవలసిన 20లో 10 వచ్చినవి. రెండవయామెకు 60లో 30 వచ్చినవి. ఇద్దరును మిగిలినదానిలో సరిగ సగము గెలిచిరి. రిచర్డు హేకు అను భౌతికశాస్త్రాచార్యుడు 1998లో ఈ లెక్కతోనే 6,000 మందికి పైబడిన విద్యార్థుల ఫలితములను పరిశీలించెను. ఉపన్యాసము వినిపోయిన తరగతులలో ఈ లాభము సుమారు నాల్గవవంతు, విద్యార్థులచేత చర్చింపజేసి పనిచేయించిన తరగతులలో సుమారు సగమును ఉండెను. 2014లో 225 అధ్యయనములను కూర్చిచూచినవారును ఇట్టి తీర్పే చెప్పిరి: ఊరక వినువారిలో తప్పినవారి పాలు ఒకటిన్నర రెట్లు. ఎకరమునకు పండినపంట చెప్పినచాలదు, నేల మొదట నెట్లుండెనో గూడ చెప్పవలెనని రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు గదా.

ఒక విద్యార్థిని కొలుచుట వేరు, పట్టపుచదువు నంతను కొలుచుట వేరు. రెండవదానికి అందరినీ అన్నిటియందును పరీక్షింపనక్కరలేదు; ఉడికినదో లేదో తెలియుటకు మెతుకు పట్టిచూచిన చాలును. అయితే మెతుకును పైనుండి కాక కలిపి తీయవలెను. ఉత్తములు, మధ్యములు, వెనుకబడినవారు, అందరినుండియు కొన్ని పత్రములు తీసి చూచెదము. ఏ నేర్పును ఏ పాఠమున నారుపోసితిమి, ఎచట నాటితిమి, ఎచట కోయుచున్నాము అని ఒక పట్టము గీసికొందుము. నారుపోయని మడిలో కోతకు పోయినట్లు, లెక్కలు వేయుట నెన్నడును నేర్పక తుదియేట పరిశోధనాపత్రము వ్రాయుమను లోపములు ఆ పట్టమున బయటపడును. బయటపడినదానిని చూచి బోధన మార్చుకొని, మరుసటియేడు మరల కొలిచినప్పుడే ఈ పనికి సార్థకత. కొలిచి మూటగట్టి అటకమీద పెట్టినచో అది కొలత గాదు, లాంఛనము.

ఆ భయము వట్టిది కాదు. 1994లో స్థాపితమైన న్యాక్ అను సంస్థవారు కళాశాలలను తూచుచున్నారు. ఆ తూకమునకు కాగితములు కావలెను గనుక, ఇంతమందికి ఇన్ని మార్కులు వచ్చినవి, కావున ఫలము సిద్ధించినదని పాతమార్కులనే క్రొత్తపట్టికలో నింపు పద్ధతి కొన్నిచోట్ల కనబడుచున్నది. శేరుకు లాక్టోమీటరని పేరుపెట్టినంతమాత్రమున పాలలోని నీరు తెలియదు. ప్రయోగశాల రికార్డు లనబడు పుస్తకములును ఇట్లే. పై తరగతివాని పుస్తకములోని బొమ్మను చూచి గీసినది ముచ్చటగ నుండును. బొద్దింకను స్వయముగా చూచి గీసినవాని బొమ్మ కొంచెము వంకరగా నుండును. వంకరదానికే మార్కెక్కువ యీయవలెనని నా యభిప్రాయము.

భాషనుగూర్చియు ఒక మాట. 2021–22 విద్యాసంవత్సరమునుండి మన రాష్ట్రమున పట్టపుచదువులు ఆంగ్లమాధ్యమముననే జరుగవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. దాని మంచిచెడ్డలు ఈనాటి ప్రస్తావము గాదు. కాని కొలుచువాడు ఒకటి మరువరాదు. తెలుగున చదివివచ్చిన పిల్లవాడు ఆంగ్లమున తడబడినప్పుడు మనము కొలిచినది వాని జీవశాస్త్రమునా, ఆంగ్లమునా? వ్రాతలో తప్పినవానిని పిలిచి, తెలుగున నోటితో చెప్పుమనియో, బొమ్మవేసి చూపుమనియో అడిగినచో సంగతి తేలును. రెండును నేర్పవలసినవే, రెంటిని కలిపి కొలుచుట మాత్రము తగదు.

ఇక మీరు చేయదగినది చెప్పి ముగించెదను. 2020–21 నాటి రాష్ట్రపాఠ్యప్రణాళికలో విద్యార్థులు పల్లెలకు పోయి సామాజిక సేవాప్రాజెక్టు చేయవలెనను నియమము వచ్చినది. వారు మీ యూరికి వత్తురు. నీటినిగూర్చి, జ్వరములనుగూర్చి, పైరులనుగూర్చి యడుగుదురు. తుదకు సంతకము కోరుదురు. పని చేసినవారికి సంతోషముగ సంతకము చేయుడు. ఒక్కదినము వచ్చి ఛాయాచిత్రములు తీసికొని పోయినవారికి చేయవలదు. మీ సంతకమును ఒక కొలతపాత్రయే. చేయుటకు ముందు, “మా యూరినుండి నీవు కనుగొన్నదేమి? అది నిజమని నీకెట్లు తెలిసినది?” అని రెండు ప్రశ్నలు వేయుడు.

మీ యింటిబిడ్డ సెలవులకు వచ్చినప్పుడును మార్కులెన్ని యని యడుగుటతో నాపవలదు. చెరువుగట్టుకు తీసికొనిపోయి, ఆ నీటిలో కదలు పురుగు ఏ దోమపిల్లయో చెప్పుమనుడు. చేలోని పురుగు మందునకేల చావదో అడుగుడు. చెప్పిన సమాధానము మీకు అర్థమైనచో వానికి అర్థమైనట్లే. తెలియదని నిజాయితీతో చెప్పి, తెలిసికొనుటకు ఏమి చేయవలెనో చెప్పగలిగినచో ఇంకను సంతోషింపుడు. అట్టి బిడ్డ చేతికి సూక్ష్మదర్శిని నిచ్చి, జ్వరపడినవాని రక్తపుబొట్టును చూడుమని నిశ్చింతగ చెప్పవచ్చును.